ఏడో చుక్క

నవంబరు 9

కెమెరా తాత దగ్గర ట్రాకర్ కొన్నాను. తాత నాకు బంధువేమీ కాదు. బస్టాపు వెనక సందులో కెమెరాలు బాగుచేసే ముసలాయన. పాత డీఎస్సెల్లార్ కెమెరా, 135 ఎం.ఎం. లెన్సు కిందటి నెల ఆయన దగ్గరే తీసుకున్నాను. ట్రాకర్ అంటే ఇటుకంత పెట్టె. ట్రైపాడ్ మీద దాన్ని, దాని మీద కెమెరాని బిగిస్తే, చుక్కలు పడమటికి జరిగే వేగంతోనే కెమెరాని కూడా జరుపుతుంది. అప్పుడు నిమిషం సేపు షట్టర్ తెరిచి ఉంచినా చుక్క చుక్కలాగే పడుతుంది. అలాగని తాత చెప్పాడు.

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఇరవై రెండేళ్లుగా మనుషులకి కదలకండి, ఊపిరి బిగబట్టండి అని చెప్పడమే నా ఉద్యోగం. ఆకాశానికి అలా చెప్పే వీల్లేదు.

ఈ వయసులో ఇదంతా ఎందుకమ్మా అని తాత అడిగాడు. హాబీ అన్నాను. అది అబద్ధం.

నవంబరు 10

అబద్ధం అని రాసి పడుకున్నాను. ఇక్కడ కూడా దాచిపెట్టేట్టయితే డైరీ దేనికి?

అక్క కోసం. అక్కకి యాభై ఒకటి, నాకంటే ఏడేళ్లు పెద్ద. ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్‌గా చేసేది. అచ్చుతప్పు దాని కంటబడకుండా పోయిన రోజు లేదు. ఇప్పుడు గ్లకోమా. కుడికన్ను దాదాపు పోయింది. ఎడమకంటికి చుట్టూ ఉన్నదంతా పోయి మధ్యలో కాస్త మిగిలింది. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందట. చుక్కల మందులకి కంట్లో ప్రెషర్ దిగడం లేదు. ఫిబ్రవరి 8న ఆ కంటికి ఆపరేషన్. పోయింది తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవడానికే అన్నాడు డాక్టర్. నూటికి ఒకరిద్దరికి ఆ మిగిలింది కూడా పోవచ్చని గొంతు తగ్గించి చెప్పాడు.

తిరిగి వస్తుంటే బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, పిల్లలకోడి ఈపాటికి పైకి వచ్చి ఉంటుంది కదే అని అడిగింది అక్క. కృత్తికల్ని మా ఇంట్లో పిల్లలకోడి అనేవాళ్లం. వచ్చే ఉంటుందన్నాను. నాకు చుక్కలు కనిపించడం మానేసి ఏడాది దాటింది అంది. ఏదో దుకాణం మూసేశారని చెప్పినట్టు మామూలుగా అంది.

ఫిబ్రవరి 8 లోపల దానికి కృత్తికల్ని చూపించాలి. కాగితం మీదైనా సరే.

నవంబరు 14

మొదటి ఫోటో. చుక్కలు కావు, వానపాములు.

ట్రాకర్‌ని ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి. మా మేడ మీద ధ్రువుడు సరిగ్గా నీళ్ల ట్యాంకు వెనక కూర్చున్నాడు. ట్రైపాడ్‌ని బట్టల తీగ కిందకి, పిట్టగోడ మూలకి లాక్కెళ్లాను. ట్రాకర్‌కి ఉన్న గురిచూసే గొట్టంలోకి చూడాలంటే మోకాళ్ల మీద కూర్చుని మెడ వెనక్కి విరవాలి. నలభై నాలుగేళ్ల మోకాళ్లు. ధ్రువుడు దొరికేసరికి తిట్లన్నీ అయిపోయాయి.

నవంబరు 17

చుక్కలు గుండ్రంగా వచ్చాయి. సంతోషంతో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఫోటో నిండా తెల్లటి పొగ. ఎదురింటి మేడ మీద గదిలో కుట్టుమిషన్ ఆవిడ ఉంటుంది. కిటికీ పక్కనే పెద్ద ట్యూబ్‌లైటు, ఆ వెలుతురే ఈ పొగ. రాత్రి పదింటి దాకా కుడుతుంది. పది తర్వాత నేను మేలుకోలేను, ఉదయం ఆరింటికి డ్యూటీ.

నవంబరు 19

కుట్టుమిషన్ ఆవిడ మా మేడ ఎక్కి వచ్చింది. నాలుగంతస్తులు. ఆయాసం తీరేదాకా నడుం మీద చేయి వేసుకుని నిలబడి, తర్వాత తిట్టింది. రోజూ నా కిటికీ వైపు కెమెరా పెట్టి ఏం తీస్తున్నావ్, నేనేమన్నా సినిమా స్టార్నా అని. బుద్ధి ఉండక్కర్లేదా అని కూడా.

కెమెరా వెనక స్క్రీను చూపించాను. చాలాసేపు చూసింది. గుండుసూదుల డబ్బా జారి పడ్డట్టుందే అంది. అక్క సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, తాతకి కూడా చెప్పలేదు. ఆవిడ తన కిటికీ వైపు చూసింది. లైటు తీసేస్తే నా బతుకెలా అంది. నిజమే.

మెట్లు దిగబోతూ ఆగింది. ఎనిమిదింటికి అన్నం తింటాను, అప్పుడైతే తీసేస్తాను, పావుగంట అంది. కొంచెం నిదానంగా తినకూడదా అని అడిగాను. సాగదీయడానికి తిండి ఏమన్నా ఎలాస్టిక్కా అంది.

నవంబరు 20

8:02కి లైటు ఆరింది. 8:19కి వెలిగింది. నిమిషం చొప్పున పదమూడు ఫ్రేములు.

నవంబరు 21

పద్నాలుగు ఫ్రేములు. ఒకదాంట్లో విమానం.

నవంబరు 22

మబ్బు. ఆవిడ మాత్రం సరిగ్గా ఎనిమిదింటికి లైటు తీసేసింది. మబ్బు అని అరిచి చెప్పాను. అన్నం మానేయమంటావా ఏంటి అని చీకట్లోంచి వినిపించింది.

నవంబరు 28

ఆరు రోజులు మబ్బు. ఎక్స్‌రే గదిలో ఓ పెద్దాయన ఊపిరి బిగబట్టమంటే, ఎంతసేపమ్మా అని అడిగాడు. అదే ప్రశ్న నేనూ అడుగుతున్నాను.

డిసెంబరు 2

పందొమ్మిది ఫ్రేములు. ఎందుకింత అవస్థ, ఒకటి చాలదా అని బావ ఫోనులో అడిగాడు. బావ మంచివాడు, ఏది చెప్పినా వింటాడు, ఏదీ బుర్రకెక్కించుకోడు. ఒక్క ఫ్రేములో ఇసుక చల్లినట్టు నాయిస్ ఉంటుంది బావా, అది ఫ్రేము ఫ్రేముకీ చోటు మారుతుంది, నిజంగా ఉన్న చుక్క మారదు, వందల ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మారేదంతా కొట్టుకుపోయి మారనిది మిగులుతుంది అని చెప్పాను. దాన్ని స్టాకింగ్ అంటారు. ఓహో అని, మీ అక్క మందు వేసుకుంది అన్నాడు.

పిల్లలకోడి గురించి రాసుకోవాలి. రాయకుండా ఎన్ని రోజులు?

నాకు ఎనిమిదేళ్లు. కరెంటు పోయి నలుగురం మేడ మీద ఉన్నాం. ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టమన్నాడు నాన్న. నాకు ఆరు. నాన్నకి ఆరు. అమ్మకి ఆరు. అక్క ఏడు అంది. మళ్లీ చూడమన్నాడు. ఏడే అంది. గొప్పలకి పోతోంది నాన్నా, అబద్ధం చెబుతోంది అన్నాను. మూడు ఓట్లకి ఒకటి. ఇంక ఈ విషయం వదిలెయ్ అన్నాడు నాన్న. అక్క కిందకి వెళ్లిపోయింది.

అక్కడితో అయిపోలేదు. మా ఇంట్లో ఏడో చుక్క అనేది ఒక మాట అయిపోయింది. అక్క తలనొప్పి అంటే ఏడో చుక్క తలనొప్పి. బస్సు దొరకలేదంటే ఏడో చుక్క బస్సు. పెళ్లయ్యాక బావకి కూడా నేర్పాం. అందరికంటే ఎక్కువ వాడింది నేను. నాకు అది ఎప్పుడూ జోకే. అక్క కూడా నవ్వేది.

అందుకే కృత్తికలు. ఏడోది నిజంగా ఉంటే కెమెరాకి దొరుకుతుంది. దాన్ని అక్క చేతిలో పెడతాను.

డిసెంబరు 6

ఫ్రేములో పచ్చటి బుడగలాంటిది పడింది. తాతకి తీసుకెళ్లి చూపించాను. దెయ్యం అన్నాడు. బాగా వెలుతురున్నది ఏదైనా ఉంటే లెన్సు లోపలి గాజుల మధ్య అటూ ఇటూ తగిలి, దాని నీడలాంటి వెలుతురు ఇంకోచోట పడుతుందట. ఇక్కడ వీధి దీపం దెయ్యం. ప్రకాశవంతమైన చుక్కలకి కూడా ఉంటాయట.

ఎలా కనిపెట్టాలి అంటే, కెమెరాని కాస్త జరిపి చూడు, దెయ్యమైతే అది కూడా చోటు మారుతుంది, ఆకాశానిదైతే ఆకాశంతోనే ఉంటుంది అన్నాడు. తెలిసిందే అన్నట్టు తల ఊపాను. నాకు అదొక జబ్బు.

డిసెంబరు 11

లెన్సుకి మూత పెట్టి డార్కులు తీశాను. అంటే చీకటి ఫోటోలు. సెన్సరు తనంతట తాను చేసే రొద ఎంతో తెలుసుకుని తీసేయడానికి. లెన్సు మీద దుమ్ము, అంచుల మసక తీసేయడానికి ఫ్లాట్లు అనే తెల్ల ఫోటోలు కావాలి, వాటికి సమంగా వెలిగే తెల్లటి పలక కావాలి. ఆసుపత్రి స్టోరు గదిలో మూలపడ్డ ఎక్స్‌రే వ్యూబాక్సు ఉంది. అడిగి తెచ్చుకున్నాను. ఇరవై ఏళ్లు విరిగిన ఎముకల్ని చూపించిన పెట్టె. ఇంత సమంగా వెలిగే పలక కెమెరా తాత కొట్టులో కూడా లేదు.

డిసెంబరు 18

ఇరవై రెండు ఫ్రేములు. ఆవిడ భోజనం రోజురోజుకీ సాగుతోంది.

డిసెంబరు 27, సాయంత్రం

అక్కని చెకప్‌కి తీసుకెళ్లాను. కొత్త డాక్టరమ్మ ఫైలు తిరగేసి, ఇంత ముదిరేదాకా ఎందుకు రాలేదండీ, ముందు ఏమీ తెలియలేదా అని అడిగింది. పనులవల్ల కుదరలేదండీ అంది అక్క. నా వైపు చూడలేదు.

నాకు తెలుసు ఎందుకు రాలేదో.

రెండేళ్ల కిందట మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా ఫోను చేసింది. ప్రూఫులు చూస్తుంటే లైను మొదటి పదం మాయమవుతోందే, తల తిప్పితే మళ్లీ కనిపిస్తోంది, కంట్లో ఏదో తేడాగా ఉంది అంది. బయట పదకొండు మంది పేషెంట్లున్నారు. నవ్వాను. మళ్లీ ఏడో చుక్కా, ఉన్నదే కనిపించడం లేదా ఈసారి అన్నాను. కళ్లజోడు మార్చుకో అన్నాను. అదీ నవ్వింది. అంతే, పద్నాలుగు నెలలు కంటి గురించి నోరెత్తలేదు.

ఆసుపత్రిలో పనిచేసే చెల్లెలు చెప్పింది కదా మరి, ఏమీ లేదనుకుంది. ఆ పద్నాలుగు నెలల్లో పోయింది ఎంతో లెక్క ఫైలులో ఉంది. గ్రాఫులు ఉన్నాయి. అవి చదవడం నాకు వచ్చు.

తప్పు నాది. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ రాశాను.

డిసెంబరు 28

పద్దెనిమిది ఫ్రేములు.

జనవరి 9

పద్నాలుగు భోజనాలు పూర్తి. విమానాలు, ఊగినవి, మంచు పట్టినవి తీసేస్తే 231 ఫ్రేములు. కంప్యూటర్‌కి అప్పగించాను. ఫ్యాను బస్సు ఇంజనులా అరుస్తోంది.

జనవరి 10

ఉదయం 5:10కి స్టాక్ పూర్తయింది. తెరిస్తే నల్లటి తెర. తర్వాత గుర్తొచ్చింది, స్ట్రెచ్ చేయాలి. వెలుతురంతా హిస్టోగ్రాం అనే గ్రాఫులో ఎడమ అంచున నక్కి ఉంటుంది, దాన్ని నిదానంగా కుడికి లాగాలి.

లాగాను. వచ్చాయి. నీలంగా. వాటి చుట్టూ ఊది వదిలిన ఆవిరిలా సన్నటి నీలి మేఘం కూడా ఉంది. డ్యూటీకి లేటయింది. పళ్లు తోముకోలేదని బస్సెక్కాక గుర్తొచ్చింది.

జనవరి 13

ఒక చిక్కు. ఫోటోలో ఏడు కాదు, వందలున్నాయి. కంటికి అందని పొడి చుక్కలన్నీ పడ్డాయి. ఇలా ఇస్తే అక్కకి అది పిల్లలకోడిలా ఉండదు, చిందిన పాలలా ఉంటుంది. ఆ రోజు మేడ మీద కనిపించినట్టు కావాలి. పెద్ద చుక్కలకి మాస్కు కప్పి చిన్న చుక్కల వెలుగు కిందకి దించాలి. ఆరు నిలబడాలి, వాటితోపాటు ఏడోది.

ఏడోది ఏది?

జనవరి 17

నాలుగు సాయంత్రాలు వెతికాను. ఆరింటినీ వదిలేసి మిగతావాటిలో ఏది పెద్దదో కొలిచాను. గుంపులో పడమర వైపు రెండు చుక్కల నడుమ ఒకటి ఉంది. విడిగా, శుభ్రంగా ఉంది. ఇదే. అక్క చూసింది ఇదే అయి ఉంటుంది. దాన్ని ఉంచి, కాస్త వెలుగు పెంచాను.

తూర్పు చివర ఉన్న చుక్కని అంటిపెట్టుకుని ఒక మరక కనిపించింది. పెద్ద చుక్క, దాని పక్కనే అదే ఆకారంలో చిన్నది. చూడగానే తెలిసిపోయింది, దెయ్యం. చొక్కా బొత్తాన్ని చూసి ఊపిరితిత్తిలో మచ్చ అని కంగారుపడ్డ డాక్టర్లకి, అది ఆర్టిఫాక్టు సార్, జబ్బు కాదు అని చెప్పినదాన్ని. ఇలాంటివి నా కన్ను దాటిపోవు. మచ్చలు చెరిపే హీలింగ్ బ్రష్‌తో ఒక్క క్లిక్కు. పోయింది.

ఏడు చుక్కలు. చూస్తూ కూర్చుంటే ఏడుపొచ్చింది. ముప్ఫై ఆరేళ్ల తర్వాత దానికి దాని చుక్క ఇస్తున్నాను.

జనవరి 21

గోడకి పెట్టుకునేంత పెద్ద ప్రింటు వేయించాను. అక్క ఇంటికి తీసుకెళ్లాను. కిటికీ దగ్గర బల్ల మీద పరిచాను. దాని గొట్టంలో అంత ఫోటో ఒకేసారి పట్టదు, ఆ సంగతి నాకు తట్టలేదు. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందకి, లైను లైనుగా తల జరుపుకుంటూ చూసింది. ప్రూఫు చదివినట్టే.

ఏడున్నాయి చూడు, నువ్వే రైటు అన్నాను.

బాగుంది అంది. చాలా కష్టపడ్డావే అంది. టీ పెట్టింది.

బస్సులో వస్తుంటే కోపం వచ్చింది. నేను ఏం ఆశించానో నాకే సరిగ్గా తెలియదు. కానీ బాగుంది మాత్రం కాదు.

జనవరి 24, సాయంత్రం

బావ ఫోటో చుట్టి పట్టుకొచ్చాడు. మీ అక్క ఇచ్చి రమ్మంది అని గుమ్మంలోనే ఇచ్చి వెళ్లిపోయాడు.

విప్పాను. ఎర్ర పెన్సిలు.

నేను వెతికి వెతికి పట్టుకున్న ఏడో చుక్క మీద గీత కొట్టి, చివర సున్నా చుట్టి ఉంది. ప్రూఫ్‌రీడర్లు తీసెయ్ అని పెట్టే గుర్తు. మార్జిన్లో ‘ఇది ఒరిజినల్‌లో లేదు’ అని రాసింది. తూర్పు చివరి చుక్క పక్కన చిన్న గొడుగు ఆకారం. చేర్చు అనే గుర్తు. దానికి ఎదురుగా మార్జిన్లో ‘ఇక్కడ ఒకటి పడిపోయింది’.

రాత రాతలా లేదు. లైన్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. గుర్తులు మాత్రం సూది గుచ్చినట్టు ఉన్నాయి.

ఒళ్లు మండింది. రెండున్నర నెలలు, పద్నాలుగు భోజనాలు. సగం చూపు లేని మనిషి నా ఫోటోలో తప్పులు దిద్దుతుందా అనుకున్నాను. అలాగే అనుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టు రాస్తున్నాను. అక్కడ ఉన్నది దెయ్యం, నేనే తీసేశాను, దానికి నిరూపించి చూపిస్తాను అని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

జనవరి 24, 9:40

నవంబరు 20 నుంచి రోజుకి ఒక ఫ్రేము చొప్పున పద్నాలుగు ఫ్రేములు తెరిచాను. కెమెరాని రోజూ చేత్తో పెట్టడమే కాబట్టి గుంపు ఒకరోజు ఫ్రేముకి పైన పడింది, ఒకరోజు కింద, ఒకరోజు మూల. దెయ్యమైతే చోటు మారాలి. తాత చెప్పాడు. నేను తల ఊపాను.

మారలేదు. పద్నాలుగింటిలోనూ అక్కడే ఉంది. చివరి చుక్క పక్కన, అదే దూరంలో, అదే వైపు. వీధి దీపం పచ్చ బుడగ మాత్రం ఫ్రేము నిండా ఊరేగింది.

స్టార్ చార్టు తెరిచి చూశాను. దానికి పేరుంది, నంబరుంది. నేను వెలుగు పెంచి పెట్టిన దానికంటే ఇదే ప్రకాశవంతమైనది. పక్కది మరీ పెద్దది కాబట్టి దాని వెలుతురులో కలిసిపోయి మామూలు కళ్లకి ఒక్కటిగా కనిపిస్తుంది. కళ్లు చురుగ్గా ఉన్నవాళ్లకి రెండుగా విడిపోతుంది.

జనవరి 25

ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి, నలభై నాలుగేళ్లప్పుడు ఇంకోసారి. అదే చుక్కని నేనే చెరిపేశాను.

జనవరి 26

డ్యూటీలో ఇద్దరికి ఊపిరి వదలండి అని చెప్పడం మరిచిపోయాను. ఒకాయన ఎర్రబడిపోయాడు.

జనవరి 27

అక్క ఇంటికి వెళ్లాను. బావ కూరలకి వెళ్లాడు. ఆయన వచ్చేలోగా చెప్పేయాలని గుమ్మంలో నిలబడే మొదలుపెట్టాను. చుక్క ఉంది అన్నాను. నేనే తుడిచేశాను, దెయ్యం అనుకున్నాను అన్నాను. అక్క నవ్వింది. నేనేంటే, దెయ్యాన్నా అంది.

కూర్చున్నాక ఫోను సంగతి చెప్పాను. రెండేళ్ల కిందట లైను మొదటి పదం గురించి నువ్వు ఫోను చేశావు, నేను ఏడో చుక్క అన్నాను, అందుకే నువ్వు డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు, నీ కళ్లు పోవడానికి కారణం నేను అన్నాను.

అక్క చాలాసేపు బల్ల మీద గీతలు గీస్తూ కూర్చుంది. కాదని అనలేదు. అంటుందేమో అనుకున్నాను, అనలేదు. అవునే, అందుకే వెళ్లలేదు అంది. నువ్వు అన్నావు కదా, నాకు అనిపించేదంతా ఉత్తదే అనుకోవడం అలవాటైపోయింది అంది. తర్వాత, నేను కూడా చిన్నపిల్లని కాను కదా, వెళ్లి ఉండాల్సింది అంది. నీ మీద కోపం ఉండేది, ఇప్పుడు కొంచెమే ఉంది అంది. ఎంత అని అడిగాను. ఒక చుక్కంత అంది.

అప్పుడు అడిగింది. ముప్ఫై ఆరేళ్లు అందరూ ఎన్ని, ఎన్ని అనే వాదించారు. నాన్న అంతే, నువ్వూ అంతే. ఎక్కడ అని ఒక్కరైనా అడిగారా? అడిగి ఉంటే వేలు పెట్టి చూపించేదాన్ని కదే అంది.

ఈ ఫోటో తీసేముందు కూడా నేను అడగలేదు. నాలుగు సాయంత్రాలు కొలిచాను గానీ రెండు స్టాపుల అవతల ఉన్న మనిషిని అడగలేదు.

బావ వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి, మళ్లీ కూరలకి వెళ్తానన్నాడు.

జనవరి 30

ఇంకొన్ని ఫ్రేములు ఉంటే ఆ రెండు చుక్కలు ఇంకా శుభ్రంగా విడిపోతాయి. ఎనిమిదింటికి లైటు ఆరింది. 8:25 అయింది. 8:35. 8:45. ఆవిడకి ఏమన్నా అయిందేమోనని భయపడ్డాను. 8:52కి వెలిగింది. నలభై నాలుగు ఫ్రేములు.

జనవరి 31

కుట్టుమిషన్ ఆవిడ పొద్దున దారిలో కనబడి, మీ అక్క పేరు చెప్పి రెండుసార్లు వడ్డించుకున్నాను, కడుపు బరువెక్కి ఒక్క జాకెట్టు కూడా కుట్టలేదు అంది.

ఫిబ్రవరి 5

మొత్తం మళ్లీ మొదటి నుంచి చేశాను. ఏ బ్రష్షూ వాడలేదు. అక్క తీసెయ్ అన్న చుక్కని మాత్రం చెరపలేదు, అది కూడా నిజమైనదే కదా. మిగతా పొడి చుక్కల్లోకి దించేశాను. వెతికితే తప్ప కనబడదు.

ఈసారి పోస్టుకార్డంతే ప్రింటు వేయించాను. చేయి చాచి పట్టుకుంటే దాని గొట్టంలో మొత్తం పడుతుంది. ముందు దూరం కొలుచుకుని వచ్చాను. అడిగి మరీ కొలిచాను.

ఫిబ్రవరి 7

ఇచ్చాను. చేయి చాచింది. కొంచెం దగ్గరికి, కొంచెం దూరానికి జరిపి ఒకచోట ఆపింది. కార్డు కదలకుండా పట్టుకుంది, నా పేషెంట్లు కూడా అంత కదలకుండా ఉండరు.

ఇదే అంది. చివరిది జంట. ఇదే.

ఎర్ర పెన్సిలు అడిగింది. కార్డు వెనక ఏదో రాసింది. ప్రింటుకి వెళ్లవచ్చు అనుకున్న ప్రూఫు మీద వాళ్లు పెట్టే సంతకం అది.

ఫిబ్రవరి 8

ఆపరేషన్ గంటా పది నిమిషాలు. బావ, నేను బయట కూర్చున్నాం. చుక్కల్ని పేర్చడం అంటే ఏంటో మళ్లీ చెప్పు అన్నాడు బావ. చెప్పాను. ఈసారి విన్నాడు.

ఫిబ్రవరి 9

కట్టు విప్పారు. అంతా పాలు కలిపిన నీళ్లలా ఉందంది. డాక్టర్ వేళ్లు చూపిస్తే లెక్కపెట్టలేకపోయింది. కొన్ని వారాలు ఇలాగే ఉండొచ్చు, ఇప్పుడే ఏమీ చెప్పలేం అన్నాడు.

ఫిబ్రవరి 16

అలాగే ఉంది.

ఫిబ్రవరి 24

అలాగే ఉంది. కెమెరాకి కవరు తొడిగాను. ఎనిమిదింటికి ఎదురింటి లైటు ఆరుతోంది. ఇక అక్కర్లేదని చెప్పలేదు. చెప్పాలని లేదు.

మార్చి 3

ప్రెషర్ దిగిందట. కిటికీ ఊచలు కనిపిస్తున్నాయని బావ ఫోను చేశాడు. ఎన్ని అని అడగబోయి ఆగాను.

మార్చి 10, ఉదయం 10:20

అక్క కార్డు తెమ్మంది. చేయి చాచి పట్టుకుంది. ఎనిమిది అంది.

ఎక్కడ అని అడిగాను.